బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో చిన్న చిన్న ఆటంకాలు: రిఫరీని తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ స్కూలు, కాలేజీ మ్యాచ్‌లకు విజిల్ పట్టుకుని నిలబడుతుంటాను. అప్పుడప్పుడు శ్రీకాకుళం కూడా వెళ్తాను. మా వైపు చాలా కోర్టులు ఆరుబయటే. ఒక పక్క వేపచెట్టు, ఒక పక్క సైకిల్ స్టాండు, వెనకాల టీ కొట్టు. ఇండోర్ స్టేడియంలో ఆడేవాళ్లకు రాని తంటాలన్నీ మాకు వస్తాయి. మ్యాచ్ అయ్యాక నా చుట్టూ మూగేవాళ్లు ఫౌళ్ల గురించి అడగరు. "కుక్క వచ్చినప్పుడు ఆట ఆపలేదేం సార్?", "ఆపాక బాల్ వాళ్లకెందుకిచ్చారు?" అని అడుగుతారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను. మన దేశంలో టోర్నమెంట్లు ఫిబా, అంటే అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య, రూల్స్ ప్రకారం నడుస్తాయి కాబట్టి జవాబులన్నీ వాటినిబట్టే. ఫోన్లో ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) క్లిప్పులు చూసి వాదనకు వచ్చే పిల్లలు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

చిన్న ఆటంకం అంటే ఏమిటి?

ఫౌల్ కాదు, ట్రావెలింగ్ (డ్రిబుల్ చేయకుండా బంతితో నడవడం) లాంటి వయొలేషన్ కాదు, బంతి గీత దాటలేదు, అయినా ఆట ఆగే పరిస్థితి వచ్చింది. అదే. ఆటగాడు కింద పడ్డాడు, నేల తడిసింది, ఇంకో బంతి కోర్టులోకి దొర్లింది, స్కోరు, టైము చూసేవాళ్ల టేబుల్ దగ్గర హారన్ పొరపాటున మోగింది, కరెంటు పోయింది. కొన్నింటికి రూల్ బుక్‌లో స్పష్టంగా సమాధానం ఉంది. కొన్నింటికి లేదు. లేనివాటిని నిర్ణయించే అధికారం రిఫరీల్లో పెద్దవాడికి, అంటే క్రూ చీఫ్‌కి, రూల్ బుక్కే ఇచ్చింది.

ఆటంకం కనిపించగానే విజిల్ వేసేయాలి కదా?

కాదు. ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు, దెబ్బతిని నేర్చుకున్నాను.

కొన్నేళ్ల క్రితం ఒక స్కూలు గ్రౌండులో ఆడపిల్లల మ్యాచ్. ఆఖరి క్వార్టర్, నిమిషంన్నర ఉంది. వెనకబడ్డ జట్టు అమ్మాయి బంతి లాక్కుని ఒంటరిగా రింగు వైపు పరుగు తీసింది. ముందు ఎవరూ లేరు. సరిగ్గా అప్పుడే వెనకాల, రెండో రింగు దగ్గర, ఒక గోధుమరంగు కుక్క తాపీగా కోర్టులోకి నడిచింది. నా కన్ను దానిమీద పడింది, చేయి లేచింది, విజిల్ మోగిపోయింది. ఆ అమ్మాయి రెండడుగులు వేసి బంతిని రింగులో వేసింది కూడా. కానీ విజిల్ వేసేసరికి ఆమె ఇంకా డ్రిబుల్ చేస్తూనే ఉంది, షాట్ మొదలుపెట్టలేదు. బంతి అప్పటికే డెడ్, అంటే ఆటలో లేనట్టే. రెండు పాయింట్లు రద్దు. వాళ్ల జట్టు ఒక్క పాయింటుతో ఓడిపోయింది.

కోచ్ ఏమీ అనలేదు. ఆ అమ్మాయే చెమట తుడుచుకుంటూ నా దగ్గరకొచ్చి, "కుక్క ఆ పక్కన కదా సార్ ఉంది?" అంది.

అంతే. నోటికాడ కూడు లాగేసినట్టయింది. కుక్క ఆ పిల్లకు అడ్డం రాలేదు, నేను వచ్చాను.

అప్పటినుంచి విజిల్ పెదాలమధ్య పెట్టుకుని రెండు విషయాలు చూస్తాను. ఒకటి, ఎవరికైనా దెబ్బ తగిలే ప్రమాదం ఉందా? ఉంటే వెంటనే ఆపాలి, స్కోరు ఎంతైనా సరే. రెండు, ప్రమాదం లేకపోతే ఇప్పుడు ఆపడంవల్ల ఎవరి నోటికాడ కూడు పోతుంది? ఎవరిదైనా పోయేట్టుంటే ఆ దాడి ముగిసేదాకా ఆగాలి. షాట్ పడనీ, బంతి చేతులు మారనీ, లేదా వాళ్లే వెనక్కి తగ్గి బంతిని పట్టుకుని నిలబడనీ. అప్పుడు విజిల్. మామూలుగా ఇదంతా నాలుగైదు సెకన్ల వ్యవహారం. ఆ నాలుగైదు సెకన్లు విజిల్ ఊదకుండా నోట్లో పెట్టుకుని ఉండటమే రిఫరీకి అన్నిటికంటే కష్టమైన పని.

ఆట ఆపాక బంతి ఎవరికి ఇస్తారు? ఎక్కడినుంచి?

ఆపిన క్షణానికి బంతి ఎవరి అదుపులో ఉందో వాళ్లకే. ఆట ఆగిన చోటికి దగ్గరగా ఉన్న గీత బయటినుంచి త్రో-ఇన్ వేస్తారు. సరిగ్గా బోర్డు వెనకనుంచి మాత్రం ఇవ్వరు, కాస్త పక్కకి జరుపుతారు.

బంతి ఎవరి అదుపులోనూ లేదనుకోండి, రీబౌండు కోసం అందరూ ఎగిరిన సమయం అనుకోండి, అప్పుడు టేబుల్ మీద ఉన్న బాణం చూస్తాం. మ్యాచ్ మొదట్లో ఇద్దరు ఆటగాళ్ల మధ్య రిఫరీ పైకి ఎగరేసే జంప్ బాల్‌లో బంతి దక్కని జట్టు వైపు ఆ బాణం మొదట తిరుగుతుంది. ఆ తర్వాత ఒకసారి వీళ్లకి, ఒకసారి వాళ్లకి. "మొన్న మాకిచ్చారు కదా" అనే వాదన అక్కడ చెల్లదు, బాణం ఎటుంటే అటే.

త్రో-ఇన్‌కి అయిదు సెకన్లు. ఈ అయిదు సెకన్ల లెక్క కొత్తది కాదు. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను మొదలుపెట్టినప్పుడు రాసుకున్న పదమూడు నిబంధనల్లోనే ఉంది. మిగతావి ఎన్నో మారిపోయాయి, ఇది మాత్రం ఉండిపోయింది.

మరి 24 సెకన్ల గడియారం సంగతి?

బంతి దక్కిన జట్టు 24 సెకన్లలోపు షాట్ వేయాలి, దాన్ని లెక్కపెట్టేదే ఈ గడియారం, షాట్ క్లాక్. ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. టేబుల్ దగ్గర కూర్చునే కుర్రాళ్లు కూడా.

ఆపడానికి కారణం ఎవరు, ఆ తర్వాత త్రో-ఇన్ ఎక్కడినుంచి, ఈ రెండూ తెలిస్తే లెక్క తేలుతుంది.

బంతి ఉన్న జట్టు ఆటగాడికే దెబ్బ తగిలి ఆపామనుకోండి. గడియారంలో ఎంత మిగిలితే అంతే. తొమ్మిది సెకన్లు ఉంటే తొమ్మిదే. లేకపోతే టైము అయిపోతోందనగానే ఎవడో ఒకడు కాలు పట్టుకుని కూలబడతాడు.

ఎదుటి జట్టు ఆటగాడివల్ల ఆగినా, లేదా ఇద్దరికీ సంబంధంలేని కారణంవల్ల, అంటే కుక్క, దుమ్ము, కరెంటు వల్ల ఆగినా, బంతి ఉన్న జట్టుకు నష్టం రాకూడదు. త్రో-ఇన్ వాళ్ల సొంత సగంలో అయితే మళ్లీ 24. ఎదుటి సగంలో అయితే 14 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే అలాగే కొనసాగుతుంది. 13 లేదా తక్కువ ఉంటే 14కి తెస్తారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇద్దరికీ సంబంధంలేని కారణంతో ఆపినప్పుడు కొత్తగా సమయం ఇస్తే ఎదుటి జట్టుకు అన్యాయమని రిఫరీకి అనిపిస్తే, మార్చకుండా ఉన్నచోటనుంచే కొనసాగించవచ్చు. ఉదాహరణకి, డిఫెన్సు వాళ్లు ఇరవై రెండు సెకన్లు ఊపిరాడకుండా కాపలా కాశారు, అవతలివాళ్లకు షాట్ దొరకలేదు, ఇంకా రెండే సెకన్లు ఉన్నాయి, అప్పుడు మైకు సెట్టు స్టాండు కోర్టులోకి పడిపోయింది. వాళ్లకి ఉచితంగా పన్నెండు సెకన్లు ఇస్తే డిఫెన్సు కష్టం ఏమవ్వాలి? అలాంటప్పుడు నేను రెండు దగ్గరే ఉంచుతాను.

మన వైపు చాలా టోర్నమెంట్లలో షాట్ క్లాకే ఉండదు. టేబుల్ దగ్గర ఒకడు స్టాప్‌వాచ్ పట్టుకుని "పది... అయిదు..." అని అరుస్తుంటాడు. వాడికి నా సలహా ఒకటే: విజిల్ వినగానే అంకె కాగితంమీద రాసుకో, తర్వాత ఎవరేమన్నా నీ దగ్గర ఆధారం ఉంటుంది.

షాట్ గాల్లో ఉండగా విజిల్ పడితే?

బంతి చేతిని వదిలాక విజిల్ పడితే బంతి డెడ్ కాదు. రింగులో పడితే పాయింట్లు ఇస్తాం. పైన చెప్పిన ఆ అమ్మాయి బంతి వదిలేశాక నేను ఊదినట్టయితే గొడవే లేకపోయేది.

ప్రేక్షకుల్లో ఎవరో ఈల వేశారు, మా వాళ్లు ఆగిపోయారు. ఏం చేస్తారు?

సినిమా హాల్లో హీరో ఎంట్రీకి ఈల వేసి పెరిగినవాళ్లం, గ్రౌండులో వేయకుండా ఉంటామా? రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని వేస్తే ఒక్కోసారి నా విజిల్ కంటే గట్టిగా వినిపిస్తుంది.

ఒకే ఒక్క ఆటగాడు ఆగిపోయి, మిగతా తొమ్మిదిమందీ ఆడుతూ ఉంటే నేనూ ఆపను, "ఆడండ్రా, నేను వెయ్యలేదు" అని అరుస్తాను. అందరూ ఆగిపోయి, ఒకడు మాత్రం ఆ సందులో బంతి తీసుకెళ్లి రింగులో వేయబోతే ఆపుతాను. ఈల వేసినవాడు ఏ జట్టు అభిమాని అన్నది చూడను. ఎవరి చేతిలో ఉన్న బంతి వాళ్లకే తిరిగి ఇస్తాను. ఆ తర్వాత టేబుల్ దగ్గర మైకులో ఒకసారి చెప్పిస్తే సగం తగ్గుతుంది. మిగతా సగం తగ్గదు.

విజిల్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. పాత విజిళ్లలో చిన్న గుండు ఉండేది, ఉమ్ము తగిలి అది అతుక్కుపోయేది. 1984లో బ్రెజిల్‌లో ఒలింపిక్స్ అర్హత మ్యాచ్‌లో రాన్ ఫాక్స్‌క్రాఫ్ట్ అనే కెనడా రిఫరీకి అలాగే జరిగింది: ఊదాడు, శబ్దం రాలేదు, జనం గోల. ఆయన తర్వాత గుండు లేని విజిల్ తయారు చేయించాడు. అదే ఫాక్స్ 40. 1987 పాన్ అమెరికన్ క్రీడల్లో మొదటిసారి వాడారు. ఇప్పుడు మన రిఫరీల మెడల్లో కూడా అదో, దాని నకలో ఉంటుంది.

పక్క గ్రౌండునుంచి క్రికెట్ బంతి వస్తే?

విజ్జీ ఊరు ఇది. 1936లో భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్‌గా ఇంగ్లండ్ వెళ్లినాయన పేరున్న ఊళ్లో ఖాళీ జాగా కనిపిస్తే వికెట్లు పాతేస్తారు, మనం ఏమీ చేయలేం.

బంతి కోర్టు అంచున దొర్లి పోతే పట్టించుకోను. ఆడేవాళ్ల కాళ్లమధ్యకు వస్తే వెంటనే ఆపుతాను, అప్పుడు ఎవరి దాడి అని చూడను. పరుగెత్తే కాలి కింద బంతి పడితే చీలమండ మెలిక పడుతుంది, ఆ పిల్లాడికి రెండు నెలలు ఆట లేదు. అదే నియమం పక్క కోర్టునుంచి వచ్చే బాస్కెట్‌బాల్‌కి కూడా. తీసుకోవడానికి పరుగెత్తుకొచ్చే పిల్లాడితో జాగ్రత్త, బంతికంటే వాడే ఎక్కువ ప్రమాదం.

ఆటగాడు కిందపడి లేవడం లేదు. అయినా రిఫరీ ఆపకుండా ఎందుకు ఊరుకుంటాడు?

ఊరుకోడు, చూస్తూ ఉంటాడు. రూల్ ఇలా ఉంది: బంతి ఆటలో ఉండగా ఎవరైనా గాయపడితే, బంతి ఉన్న జట్టు షాట్ వేసేదాకా, లేదా బంతి పోగొట్టుకునేదాకా, లేదా ఆడకుండా పట్టుకుని ఆగేదాకా, లేదా బంతి డెడ్ అయ్యేదాకా విజిల్ వేయకూడదు. పడినవాడిని కాపాడటానికి అవసరమైతే మాత్రం వెంటనే ఆపవచ్చు.

"అవసరం" అన్నది ఎలా తెలుస్తుంది? నేను చూసేవి ఇవి. తల నేలకు కొట్టుకుందా? అయితే వెంటనే. పడినవాడు పదిమంది తొక్కే దారిలో ఉన్నాడా, రింగు కింద ఉన్నాడా? అయితే వెంటనే. కాలు పట్టేసి మధ్య గీత దగ్గర కూర్చుని పిక్క నొక్కుకుంటున్నాడా? ఆ దాడి పూర్తవనిస్తాను.

ఆపాక గడియారం మరొకటి మొదలవుతుంది, నా మనసులో. సుమారు 15 సెకన్లలో లేచి ఆడగలిగితే ఆడొచ్చు. లేవలేకపోయినా, లేచినా ఎవరైనా వైద్యం చేసినా, కోచో బెంచీమీదివాళ్లో వచ్చి సాయం చేసినా ఆ ఆటగాడు బయటకు వెళ్లాలి, వేరేవాడు రావాలి. జట్టులో అయిదుగురే మిగిలితే ఈ షరతు వర్తించదు.

కోచ్‌లు చాలామందికి ఈ చివరి సంగతి తెలియదు. మంచి ఆటగాడు పడ్డాడని గాభరాగా స్ప్రే పట్టుకుని పరుగెత్తుకొస్తారు. వాడు నిజానికి పది సెకన్లలో లేచేవాడే. స్ప్రే కొట్టారు, అయిపోయింది, ఇక వాడు బెంచీకి. "వాడు బాగానే ఉన్నాడు సార్!" అంటారు. నాకూ కనిపిస్తోంది, కానీ నువ్వు తాకావు కదా గురూ.

ఒక దారి ఉంది. ఏ జట్టయినా టైమవుట్ తీసుకుంటే ఆ సమయంలో కోలుకుని, మార్పు కోసం టేబుల్ హారన్ మోగకముందే సిద్ధమైతే అతను కోర్టులోనే ఉండొచ్చు. ఎదుటి జట్టు తీసుకున్న టైమవుట్ అయినా చెల్లుతుంది.

ఫ్రీ త్రోలు (ఫౌల్‌కి శిక్షగా ఎవరూ అడ్డుకోకుండా వేయనిచ్చే షాట్లు) వేయాల్సినవాడే గాయపడి బయటకు పోతే? వాడి స్థానంలో వచ్చినవాడే వేయాలి. కోచ్‌కి నచ్చిన షూటర్ కాదు.

మా అబ్బాయి పడ్డాడని నేను కోర్టులోకి వెళ్లాను. రిఫరీ నన్ను బయటకు పొమ్మన్నాడు. ఇదేం న్యాయం?

అమ్మా, మీ బాధ నాకు తెలుసు. నాకూ పిల్లలున్నారు. కానీ కోర్టులోకి రావాలంటే రిఫరీ అనుమతి కావాలి. కోచ్‌కి కూడా కావాలి. వెంటనే వైద్యం అవసరమని డాక్టరుకు అనిపిస్తే ఆయన మాత్రం అడగకుండా రావచ్చు.

ఇంకో సంగతి. మీరొచ్చి ఒళ్లో పెట్టుకుంటే మీ అబ్బాయి ఏడవడం మొదలుపెడతాడు. మీరు రాకపోతే లేచి ప్యాంటు దులుపుకుంటాడు. ఇది రూల్ బుక్‌లో లేదు, ఇరవై ఏళ్లుగా చూస్తున్నది.

రక్తం వస్తే?

సిమెంటు కోర్టు కదా, మోకాళ్లు గీరుకోవడం రోజూ ఉండేదే. రక్తం కారుతుంటే, లేదా పుండు తెరిచి ఉంటే ఆటగాడు బయటకు వెళ్లాలి. రక్తం ఆగి, గాయం పూర్తిగా కప్పేశాకే లోపలికి. రుమాలు చుట్టుకుని వస్తాననేవాళ్లను పంపను, జారిపోతుంది. ఎండాకాలం క్యాంపుల్లో కొందరు పిల్లలకి ముక్కునుంచి రక్తం కారుతుంది, వాళ్లకీ ఇదే. నేలమీద పడ్డ చుక్కలు తుడిచాకే ఆట.

షూ లేసు ఊడింది సార్, ఆపండి.

ఆపను. బంతి డెడ్ అయినప్పుడు కట్టుకో. డెడ్ అయ్యాక మాత్రం ఒక్క ముడి వేసుకునేంత సమయం ఇస్తాను, రెండు షూలూ విప్పి మళ్లీ కట్టుకుంటానంటే కుదరదు.

చొక్కా బయటకు వచ్చినా అంతే, ఆట ఆగినప్పుడు లోపలికి దోపుకోమంటాను. ఉంగరం, చెయిన్, కడియం లాంటివి అసలు మ్యాచ్ మొదలవకముందే తీయించాలి. మొలతాడు, మొక్కు తాడు అని బతిమాలతారు. బట్టలోపల ఉండి ఎవరికీ గీసుకోకపోతే నేను వెతకను. చేతికి గట్టి తాయెత్తు ఉంటే మాత్రం తీయాల్సిందే. కళ్లజోడు పెట్టుకోవచ్చు, ఎదుటివాడికి ప్రమాదం కానంతవరకు.

నేల తడిస్తే, చినుకులు పడితే?

చెమట చుక్కలు పడ్డచోట తుడవడానికి పెద్ద పోటీల్లో తుడుపుగుడ్డలతో కుర్రాళ్లు ఉంటారు. మన దగ్గర రింగు వెనక ఒక పాత తువ్వాలు, ఒక పిల్లాడు చాలు. బంతి డెడ్ అయినప్పుడు వాడు పరుగెత్తుకొచ్చి తుడిచి వెళ్లిపోవాలి. ఆటగాడు నిలువునా జారిపడి తడి మచ్చ చేస్తే, ఆట అటు పక్కకి వెళ్లాక ఇటు తుడిపిస్తాను. అప్పుడు ఆపాల్సిన పనే రాదు.

వాన వేరే లెక్క. సిమెంటుమీద నాలుగు చినుకులు పడి ఆరిపోతే ఆడించవచ్చు. నేల మెరవడం మొదలైతే ఆపాలి. నేను చేసే పరీక్ష చాలా నాటు: నా షూతో ఒకసారి గట్టిగా రాస్తాను, కిర్రుమంటే ఆట, జారితే విరామం. మన జిల్లాల్లో అక్టోబరు వస్తే ఆకాశాన్ని నమ్మలేం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ ఆ నెలలోనే వచ్చాయి. దసరా సెలవుల టోర్నమెంటు పెట్టేవాళ్లు రెండో రోజు ఖాళీగా ఉంచుకోవడం మంచిది.

ఆపేటప్పుడు నాలుగు విషయాలు టేబుల్ దగ్గర రాయిస్తాను: గడియారంలో ఎంత ఉంది, బంతి ఎవరిది, ఎక్కడ ఆగింది, బాణం ఎటు. ఫౌళ్లు, స్కోరు ఎలాగూ షీటులో ఉంటాయి. గంట తర్వాత మళ్లీ మొదలుపెట్టేసరికి రెండు జట్లకీ జ్ఞాపకాలు మారిపోతాయి, కాగితం మారదు.

ఫ్లడ్‌లైట్లలో ఆడుతుండగా కరెంటు పోతే?

విజిల్, వెంటనే. చీకట్లో ఎవరి దాడి అని చూడటం ఉండదు. షాట్ అప్పటికే చేతిని వదిలిందా లేదా అన్నది మాత్రం ఇద్దరు రిఫరీలూ మాట్లాడుకోవాలి. బంతి చప్పుడు విని "నెట్‌లో పడింది సార్" అనేవాళ్లు ఉంటారు. నవ్వి ఊరుకోండి.

బంతి రింగుకీ బోర్డుకీ మధ్య ఇరుక్కుపోతే?

జంప్ బాల్ పరిస్థితి, బాణం ఎటుంటే వాళ్లకి. కర్రతో పొడిచి తీయకండి, బోర్డుమీద గీతలు పడతాయి, ఎత్తయినవాడు ఎగిరి కొడితే చాలు.

కొత్త నెట్ బిగుతుగా ఉండి బంతి నెట్‌లోనే ఆగిపోతే అది వేరు. పైనుంచి రింగులోకి వచ్చి లోపల ఉండిపోయినా బుట్ట పడినట్టే. పాయింట్లు ఇస్తాం.

బంతి రిఫరీకి తగిలితే?

రిఫరీ నేలలాంటివాడు. నేను నిలబడిన చోట నేలకి తగిలినట్టే లెక్క. నేను కోర్టులో ఉంటే ఆట సాగుతుంది, గీత బయట నిలబడి ఉంటే అవుట్. కోర్టు మీదకి వంగిన చెట్టుకొమ్మకో, కేబుల్ వైరుకో తగిలినా అవుటే, ఎందుకంటే కోర్టు పైన ఉండే ఏ వస్తువైనా బయటిదే. అందుకే మ్యాచ్‌కి ముందు ఆ వేపకొమ్మ కొట్టించండి బాబూ అని ఎన్నిసార్లు చెప్పానో. "అమ్మవారి చెట్టు సార్" అంటారు. సరే, కొమ్మ ఉంటుంది, అవుటూ ఉంటుంది.

టేబుల్‌నుంచి హారన్ పొరపాటున మోగితే ఆట ఆగినట్టేనా?

స్కోరర్ హారన్‌తో ఆట ఆగదు, గడియారమూ ఆగదు, బంతి డెడ్ కాదు. ఆపేది రిఫరీ విజిల్ మాత్రమే. ఆటగాళ్లు హారన్ విని ఆగకూడదు. ఇది ప్రతి కోచ్ ప్రాక్టీసులో నేర్పాలి.

24 సెకన్ల హారన్ పొరపాటున మోగినా అంతే, దాన్ని పట్టించుకోకుండా ఆడాలి. అయితే ఆ శబ్దానికి బంతి ఉన్న జట్టు దెబ్బతిందని రిఫరీకి అనిపిస్తే ఆపి, గడియారం సరిచేసి, బంతి వాళ్లకే ఇస్తాడు.

టైమర్ కబుర్లలో పడి గడియారం ఆన్ చేయడం మరిచిపోవడం మన దగ్గర మామూలే. బంతిని సొంత సగం దాటించడానికి ఇచ్చే ఎనిమిది సెకన్ల లెక్క రిఫరీ చేతిలో ఉంటుంది, దాన్నిబట్టి ఎంత పోయిందో చెప్పగలం. టైములో, స్కోరులో, ఫౌళ్ల సంఖ్యలో దొర్లిన తప్పుల్ని క్రూ చీఫ్ స్కోర్‌షీటుమీద సంతకం పెట్టేలోపు ఎప్పుడైనా సరిచేయవచ్చు. సంతకం అయ్యాక అరిస్తే ప్రయోజనం లేదు.

రిఫరీయే పొరపాటున విజిల్ వేస్తే?

ఒప్పుకోవాలి. చేయెత్తి, "నాది తప్పు" అని రెండు బెంచీలకీ వినిపించేలా చెప్పాలి. బంతి ఉన్నవాళ్లకి బంతి, ఎవరి అదుపులోనూ లేకపోతే బాణం. తప్పు ఒప్పుకున్న రిఫరీమీద జనానికి కోపం ఒక నిమిషమే ఉంటుంది. లేని ట్రావెలింగ్ ఒకటి కనిపెట్టి కప్పిపుచ్చుకుంటే సాయంత్రందాకా ఉంటుంది. రెండూ చేసి చూశాను.

ఆటగాడు "టైమవుట్ సార్" అని అరిస్తే ఎందుకివ్వరు?

ఎన్‌బీఏలో ఆటగాడు అడగొచ్చు. ఫిబాలో కోచ్ గానీ, మొదటి సహాయ కోచ్ గానీ టేబుల్ దగ్గరకొచ్చి అడగాలి, అది కూడా ఆట ఆగి బంతి డెడ్ అయినప్పుడో, ఎదుటివాళ్లు బుట్ట వేసినప్పుడో దొరుకుతుంది. మొదటి సగంలో రెండు, రెండో సగంలో మూడు. ఒక్కొక్కటి ఒక నిమిషం. ఊపిరి పీల్చుకోవడానికి అబద్ధపు గాయంతో కూలబడేవాళ్లని చూశాక, ఈ సంఖ్య సరిపోదేమో అనిపిస్తుంది నాకు.

గెలుస్తున్న జట్టు కావాలని ఆలస్యం చేస్తుంటే?

బుట్ట పడ్డాక బంతిని మెల్లగా తోసేయడం, త్రో-ఇన్ వేసేవాడికి అడ్డం నిలబడటం, ఇవన్నీ ఆలస్యం కిందికి వస్తాయి. మొదటిసారి జట్టుకి వార్నింగు. రెండోసారి అదే పని చేస్తే టెక్నికల్ ఫౌల్. ఎదుటివాళ్లకి ఒక ఫ్రీ త్రో, తర్వాత ఆట ఆగినచోటునుంచే.

గుర్తుంచుకోండి, బుట్ట పడినప్పుడు గడియారం ఆగేది నాలుగో క్వార్టర్ ఆఖరి రెండు నిమిషాల్లో, ఓవర్‌టైముల ఆఖరి రెండు నిమిషాల్లోనే. అంతకుముందు నడుస్తూనే ఉంటుంది. కాబట్టి ఇంకా మూడు నిమిషాలు ఉండగా బంతిని తన్నేవాడే ఎక్కువ దొంగ, ఆఖరి నిమిషంలో తన్నేవాడు కాదు.

ఫ్రీ త్రో వేసేటప్పుడు గోల చేయొచ్చా?

గ్యాలరీ చేయొచ్చు. తొలేళ్ల రోజు, అంటే పైడితల్లి సిరిమానోత్సవానికి ముందురోజు, డప్పులు వింటూ ఫ్రీ త్రోలు వేసిన పిల్లలు ఉన్నారు మన ఊళ్లో. కానీ కోర్టులో ఉన్న ఎదుటి ఆటగాళ్లు చేతులూపి, అరిచి చెడగొడితే అది వయొలేషన్. బంతి పడకపోతే మళ్లీ వేయనిస్తాం.

ప్రేక్షకుల చేతివాటం ఈ ఆటకు పుట్టుకతో ఉన్న జబ్బే. మొదట్లో బుట్టలు బాల్కనీకి కొట్టేవారు, పైన కూర్చున్న అభిమానులు చేయి చాపి బంతిని దారి మళ్లించేవారు. బుట్ట వెనక బోర్డు పెట్టింది ముందు వాళ్లని ఆపడానికే.

ఇవన్నీ రాకుండా ముందే ఏమైనా చేయొచ్చా?

చాలావరకు చేయొచ్చు. మ్యాచ్‌కి అరగంట ముందు నేను కోర్టు చుట్టూ ఒకసారి తిరుగుతాను. గీతనుంచి రెండు మీటర్లలోపు బైకు, కుర్చీ, నీళ్ల డ్రమ్ము ఏదీ ఉండకూడదు. అది రూలే. కోర్టు అంచున గులకరాళ్లు, సోడా మూతలు ఏరిస్తాను. ఎక్స్‌ట్రా బంతులు సంచిలో వేయిస్తాను, లేకపోతే సబ్‌స్టిట్యూట్లు పక్కన డ్రిబుల్ చేస్తూ ఉంటారు. టైమర్‌ని ఒకసారి స్టాప్‌వాచ్ నొక్కి చూపించమంటాను.

ఆఖర్న టీ కొట్టుకి వెళ్తాను. మొదట చెప్పిన గోధుమరంగు కుక్క ఆయనదే. ఇప్పుడు దానికి వయసైపోయింది, పెద్దగా తిరగదు, అయినా నన్ను చూడగానే ఆయన "మేచీ ఉందా సార్?" అని తాడు తీసి బల్ల కాలికి కడతాడు. దానికి రెండు బిస్కెట్లు వేసి, నేనో టీ తాగి, కోర్టుకి వస్తాను.